పచ్చగుడ్డ కట్టిన సొరకాయ

ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు. ఉందని ఎవరైనా రుజువు చేస్తే వనపర్తి బస్టాండు నడుమ కుర్చీ వేసుకుని కూర్చుని నా మీసంలో సగం గొరిగించుకుంటాను. మిగిలిన సగంతో గద్వాల దాకా నడుస్తాను. నాగర్‌కర్నూలు వాళ్ళు మేమూ చూస్తామంటే అటు కూడా ఒక చుట్టు తిరిగొస్తాను. ఇంత పందెం కాసినవాడు అబద్ధమాడతాడా? ఆడడు. కాబట్టి నమ్మి వినండి.

కురుమయ్యది గోపాల్‌పేట పక్కన చిన్న పల్లె. వేరుశనగ, జొన్న తప్ప వేరే పంట ఎరగని ఎర్రనేల. కొడుకు నిరంజన్ వనపర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. మనవడు పుట్టగానే కురుమయ్య భార్య తిమ్మమ్మ బట్టలు మూట కట్టి, "నేను పోతున్న. వస్తే రా, లేకుంటె ఆ శెనిగె చేనుతోనే కాపురం జెయ్" అంది. చేనుతో కాపురం ఎన్నాళ్ళు సాగుతుంది? కురుమయ్య భూమిని తమ్ముడికి కౌలుకిచ్చి వెనకాలే బస్సెక్కాడు.

పట్నంలో మేడ మీద కిరాయి ఇల్లు. కిందికి చూస్తే సిమెంటు, పైకి చూస్తే సెల్ టవరు. కురుమయ్య చేతులు ఊరుకోలేదు. కోడలు శ్రీవాణి ముచ్చటపడి పెట్టుకున్న తులసి కుండీని పొద్దున గుల్లచేసేవాడు, మాపున మళ్ళీ గుల్లచేసేవాడు. అంత సేవ తట్టుకోలేక ఆ తులసి ఎండిపోయింది. అప్పుడు తిమ్మమ్మే రాఘవేందర్ సారు తోట సంగతి మోసుకొచ్చింది.

రాఘవేందర్ సారు బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఊరి చివర ఆయనకు ఖాళీ జాగా ఉంది. ఇళ్ళు కట్టి అమ్మే బుద్ధి పుట్టక, చిన్న చిన్న మడులు చేసి, నడుమ గట్లు పోసి, కూరగాయలు పండించుకునే సరదా ఉన్నవాళ్ళకు నెలనెలా కిరాయికి ఇస్తున్నాడు. బోరు ఒక్కటే. నీళ్ళు వంతుల ప్రకారం, వరసగా రెండేసి పొద్దులు. ఒక్కో మడిలో రెండు నులకమంచాలు వేస్తే మూడోదానికి చోటుండదు. కట్టుబాటు ఒక్కటే: ఎవరి మడి వాళ్ళది, పక్కవాళ్ళ ఆకు కూడా ముట్టగూడదు.

కురుమయ్య మొదటిరోజు మడి గట్టు మీద నిలబడి, ఇంత భూమిని ఏలినవాణ్ణి ఈ మంచమంత నేలకు కిరాయి కట్టాల్సి వచ్చిందే అని లోపల కుమిలిపోయాడు. కుమిలినవాడు ఊరికే ఉండలేడు, బడాయికి దిగుతాడు.

"సార్, నాది మట్టి చెయ్యి. నేను ఉమ్మినకాడ మొలుస్తది."

"మొలిస్తే మంచిదే కురుమయ్యా. పక్క మడిలోకి మాత్రం ఉమ్మకు" అన్నాడు సారు.

పక్క మడి తాజ్‌బీది. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది, భర్త ఆజం బస్టాండు దగ్గర పంక్చర్లు వేస్తాడు. తిమ్మమ్మ జాకెట్లు కూడా ఆమెవే. ఆ పరిచయంతో ఇద్దరికీ నడుమ ఒకే పందిరి వేసుకుంటే కట్టెలు కలిసొస్తాయని ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. గట్టు మీద పందిరి లేచింది. అటు నుంచి ఆమె సొరతీగ, ఇటు నుంచి ఈయన సొరతీగ ఎక్కసాగాయి.

"మా అమ్మీ ఇత్తనం అన్నా ఇది" అని చెప్పింది తాజ్‌బీ ఒకరోజు తీగను పందిరికి ఎక్కిస్తూ. "గద్వాల్ల మా ఇంటి మీద పారుతుండె. అమ్మీ పోయినంక పాత డబ్బల గుడ్డమూట దొరికింది. అన్ని పుచ్చిపోయినయ్. ఏసినయన్నిట్ల గీ ఒక్క తీగే మొలిచింది."

ఆ మాటకు ఒక క్షణం ఆగి తలూపే మనిషైతే కథే లేదు. కురుమయ్య తలూపలేదు. "సొరకాయ సంగతి నాకు జెప్తున్నవా చెల్లె!" అని మొదలుపెట్టాడు. "మా నాయన పెట్టిన తీగకు ఒక కాయ కాసింది. దాన్ని రెండు చెక్కలు జేసినం. ఒక చెక్కల మా నాయన, ఒక చెక్కల నేను గూసొని బీచుపల్లి కాడ నిండు కృష్ణ దాటినం."

అటుపక్క మడిలో టమాటా మొక్కలకు కర్రలు పాతుతున్న బ్యాంకులో పనిచేసే గీత మేడం తలెత్తింది. "మరి తెడ్డు ఏందీ కురుమయ్యా?"

"బెండకాయ" అన్నాడు కురుమయ్య, రెప్పవేయకుండా.

తాజ్‌బీ నవ్వు ఆపుకుంటూ, "జర పైలం అన్నా. గింత పందిరి మీద అసొంటి కాయ కాస్తే మన ఇద్దరం కింద పడి సస్తం" అంది.

కాయ పెద్దదా చిన్నదా అనే పరీక్ష రానే లేదు. ఎందుకంటే కురుమయ్య తీగకు కాయే పట్టలేదు. పొలంలో యూరియా చల్లిన చెయ్యి అది, పిడికెడుకు తక్కువ పట్టదు. మంచమంత మడికి అదే పిడికిలి విప్పాడు. తీగ బలిసింది. ఒక్కో ఆకు అన్నం తినే విస్తరంత పెరిగింది. పూలు పూసేవి, పొద్దుగూకేసరికి రాలిపోయేవి. తాజ్‌బీ తీగ మాత్రం బక్కగా, ఆయన ఆకుల కింద దాక్కుని, ఒకదాని వెనక ఒకటి కాయలు దించుతూ పోయింది.

ఆమె ఆ కాయలు దాచుకోలేదు. గీత మేడానికి ఒకటి, సారుకు ఒకటి. తిమ్మమ్మకైతే ఎంచి మంచిది ఇచ్చింది. ఆ కాయే కురుమయ్య మెడకు చుట్టుకుంది.

ఎట్లంటే, ఆ రోజే వియ్యంకుడు దేవరాజు ధరూర్ నుంచి వచ్చాడు, మనవడి పుట్టెంట్రుకలు ఎప్పుడు తీద్దామో మాట్లాడనీకి. తిమ్మమ్మ సొరకాయ పులుసు చేసింది. దేవరాజు రెండోసారి వడ్డించుకుని, "ఏం రుచి బావా! లేత కాయ. మార్కెట్‌దేనా?" అన్నాడు.

కురుమయ్య నోరు ఆయన్ని అడగకుండానే పలికింది. "మార్కెట్‌దా? మన మడిది బావా. పొద్దుగాల తెంపిన."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. తిమ్మమ్మ ఏమీ అనలేదు. వియ్యంకుడి ముందు మొగుడి పరువు తీయడం ఆమె వల్ల కాదు. ఆ మౌనం తనకు ఒప్పుకోలు అనుకున్నాడు కురుమయ్య.

"అట్లయితే బీచుపల్లిల పుట్టెంట్రుకల నాడు కూర మీ మడిదే" అన్నాడు దేవరాజు చెయ్యి కడుక్కుంటూ. "మావోళ్ళందరికి జెప్త. మా బావ సొరకాయలు కోస్తడని ఎర్కే గని, పండిస్తడని ఇయ్యాలనే తెల్సె."

"జెప్పు బావా. దునియాకు జెప్పు."

ఇదిగో, అప్పటినుంచి కురుమయ్యకు తిండి సయించలేదు. పొద్దున లేవగానే మడికి పోవడం, ఆకులెత్తి చూడడం, పూవు రాలి ఉండడం. యూరియా తగ్గించమని తాజ్‌బీ చెప్పింది కానీ, ఆమె చెప్పాక తగ్గిస్తే ఆమె మాట విన్నట్టవుతుందని ఇంకాస్త చల్లాడు.

పుట్టెంట్రుకల ముందురోజు సాయంత్రం మార్కెట్‌కు పోయాడు. సొరకాయలున్నాయి, కానీ తొడిమలు ఎండి నల్లబడి ఉన్నాయి. దేవరాజు కాయ చేతిలోకి తీసుకోగానే ముందు తొడిమ చూసే రకం. వట్టి చేతులతో ఇంటికొచ్చాడు.

మరునాడు ఇంకా చీకట్లు పూర్తిగా విడవకముందే తోటకు పోయాడు. ఆ పొద్దు నీళ్ళ వంతు ఆయనదే కాబట్టి ఎవరూ అడిగేవాళ్ళు లేరు. పందిరి కింద కూర్చుని పైకి చూశాడు. తన విస్తరాకుల నడుమ, ఆకుల చాటున, ఒక కాయ. బాగా పెద్దది. తీగ తాజ్‌బీదే. కానీ కాయ వేలాడుతున్నది గట్టుకు ఇవతల, తన మడి మీద.

కురుమయ్య మనసులో పంచాయితీ పెట్టాడు. పెద్దమనిషీ తానే, ఫిర్యాదీ తానే. మా ఊళ్ళో గట్టు దాటి వాలిన కొమ్మ కాయ ఎవరిది? వాలినవాడిది. ఆ కాయను ఇన్నాళ్ళు ఎండ తగలకుండా కాచింది ఎవరి ఆకులు? నావి. ఇన్ని కాయలు తెంపిన తాజ్‌బీ దీన్ని ఎందుకు తెంపలేదు? కనపడక. కనపడని కాయ పోయిందని ఎవరికి తెలుస్తుంది? తీర్పు ఆయన పక్షానే వచ్చింది.

ఒక్కటే అడ్డం. కాయ తొడిమకు పచ్చటి గుడ్డపేలిక ఒకటి ముడేసి ఉంది. దిష్టి తగలకుండా కట్టింది కాబోలు అనుకున్నాడు. వియ్యంకుడు చూస్తే గుడ్డ ఏందని అడుగుతాడు. ముడి విప్పి, ఎట్లయినా తిరిగొచ్చి పందిరికి కట్టేద్దామని పుట్టెంట్రుకలకని అప్పటికే తొడుక్కున్న కొత్తచొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొడవలితో తొడిమ కోశాడు. కాయను తువ్వాలలో చంటిపిల్లను చుట్టినట్టు చుట్టుకుని ఇంటికొచ్చాడు.

తిమ్మమ్మ ఆ తువ్వాల వంక చూసింది. "కాసిందా?" అంది.

"కాయక?" అన్నాడు.

బీచుపల్లిలో ఆంజనేయస్వామి దర్శనమయింది. కృష్ణ ఒడ్డున మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి మనవడికి గుండు గీయించారు. వాడు ఏడ్చిన ఏడుపు అవతలి ఒడ్డున పడవలవాళ్ళకు వినబడింది. ఆ తరువాత చెట్టు నీడలో రాళ్ళపొయ్యి పెట్టి వంటకు కూర్చున్నారు. ధరూర్ నుంచి వచ్చిన చుట్టాలు ఒక ఆటోలో పట్టరు.

దేవరాజు అందరికీ వినబడేట్టు పిలిచాడు. "బావా! తే మరి! మడి సొరకాయ!"

కురుమయ్య తువ్వాల విప్పాడు. కాయ పొడుగూ లావూ చూసి చుట్టాలు నోరు తెరిచారు. దేవరాజు తొడిమ చూశాడు. కోసినచోట ఇంకా తడి ఉంది. "అబ్బ! పొద్దుగాల కోసిందే" అన్నాడు. కురుమయ్య ఛాతీ చొక్కా గుండీల మీదకి వచ్చింది.

దేవరాజు భార్య భీమమ్మ కాయను కత్తిపీట దగ్గరకు తీసుకుంది. అలవాటుగా బొటనవేలి గోరు గుచ్చింది. గోరు దిగలేదు. మళ్ళీ గుచ్చింది. కాయను వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

"అన్నా, జర నువ్వే కొయ్యి" అంది నవ్వుతూ.

కురుమయ్య కత్తిపీట మీద కాయ పెట్టి వత్తాడు. కాయ జారి పొయ్యి దగ్గరకు దొర్లింది. మళ్ళీ తెచ్చి వత్తాడు, మళ్ళీ జారింది. చుట్టాల పిల్లలు చుట్టూ చేరారు. చివరికి దేవరాజు ఒక బండరాయి తెచ్చి కాయ మీద వేశాడు. కుండ పగిలినట్టు చప్పుడైంది. లోపల తెల్లటి బెండు, దాని నిండా బలిసిన గింజలు.

"అయ్యో అన్నా!" అంది భీమమ్మ. "ఇత్తనాల కాయ గదా ఇది! కూరకు ఎట్ల తెంపుకొచ్చినవ్? పందిరి మీద ఎండిపోయెదాక ఇడువాలె గదా. గుడ్డ గట్టలేరా దీనికి?"

"గుడ్డ?" అన్నాడు కురుమయ్య.

"మేమైతే మంచి కాయకు గుడ్డపీలిక గడతం, ఎవరు తెంపకుండ. ఇత్తనం కాయ అని గుర్తు. మీకాడ గట్టరా?"

కురుమయ్యకు చెమట పోసింది. మొహం తుడుచుకోవాలి. తువ్వాల విప్పినచోటే ఉండిపోయింది. చెయ్యి తనంతట తాను జేబులోకి పోయి, చేతికి తగిలిన గుడ్డ బయటకు తీసి, నుదురు తుడిచింది.

తిమ్మమ్మ అటు పక్క బియ్యం కడుగుతోంది. ఆమె చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. లేచి వచ్చింది. భర్త చేతిలో పచ్చగుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. ఎవరికీ వినపడకుండా అంది.

"ఇది నా జాకెట్టు ముక్క."

ఆయన గుడ్డను పిడికిట్లోకి మూశాడు.

"కుట్టంగ మిగిలింది ఇయ్యి తాజ్‌బీ అంటె, ఇయ్యనక్కా, మా అమ్మీ ఇత్తనం కాయకు గడత, నీ జాకెట్టు పచ్చగున్నది, మంచిగ మొలుస్తది అన్నది."

అంతే. గొంతు పెంచలేదు, తిట్టలేదు. ఆమె తిడితే బాగుండు అనుకున్నాడు కురుమయ్య. నది ఒడ్డున అంతమంది చుట్టాల నడుమ, తన ఒంటి మీద చొక్కా లేకుండా నిలబడ్డట్టు అనిపించింది.

అంతలో ఎవరో, "ఇగ ఇదేం పనికొస్తది, పారెయ్యి" అని పగిలిన చెక్కలను ఎత్తి అవతల పడేశారు. గుడి చుట్టూ తిరిగే ఆవు ఒకటి అక్కడే ఉంది. సొరచెక్క తన కోసమే వచ్చిందనుకుని మూతి పెట్టింది.

కురుమయ్య పరుగెత్తాడు. తెల్లపంచె, కొత్తచొక్కా, అరవై దాటిన మోకాళ్ళు. ఆవు ఒక చెక్క నోట కరుచుకుని కదిలింది. ఆయన చెక్క రెండో కొస పట్టుకున్నాడు. ఆవు లాగింది, ఈయన లాగాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"బావా!" అని అరిచాడు దేవరాజు కడుపు పట్టుకుని నవ్వుతూ. "అన్నం అయితది గదా, జర ఓపిక వట్టు! ఆవు నోట్ల కూడు గుంజుకుంటవా?"

చెక్క విరిగింది. కురుమయ్య వెనక్కి పడ్డాడు. లేచి, ఆవు మూతి కింద కూర్చుని, దాని పెదాలకు అంటుకున్న గింజలు కూడా వేళ్ళతో తీశాడు. ఆవు ఆయన చెంప నాకింది. నేల మీద రాలినవి, ఇసుకలో కూరుకున్నవి, ఏరాడు. ఏరిన గింజలన్నీ పచ్చగుడ్డలో పోశాడు.

"ఏందన్నా గింత పరేషాన్?" అంది భీమమ్మ.

"మంచి ఇత్తనం అమ్మా. దాసుకుంట" అన్నాడు. అది నిజమే. కానీ నిజం చెప్పినా అబద్ధం చెప్పినట్టే ఉంది ఆయనకు.

ఆ పూట పప్పు, పచ్చిపులుసుతో భోజనాలయ్యాయి. ఆవుతో కుస్తీ సంగతి దేవరాజు చెప్పినప్పుడల్లా అందరూ నవ్వారు. కురుమయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుకు ఆయన దవడలు నొప్పి పుట్టాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తిమ్మమ్మ పక్కనే కూర్చుంది కానీ బయటకు చూస్తూ ఉంది. పెబ్బేరు దాటాక అంది.

"మన ఇంటి మీద యాడాది యాడాది సొరతీగ పారుతుండె గదా. ఇత్తనం ఏడికెంచి వచ్చెననుకుంటివి?"

కురుమయ్య ఆలోచించాడు. నిజంగానే ఎన్నడూ అనుకోలేదు. ఇంటి కప్పు మీద ప్రతి యేడూ ఒక కాయ గుడ్డ కట్టుకుని ఎండుతూనే ఉండి ఉంటుంది. ఆ కప్పు కిందే ఆయన తిన్నాడు, పడుకున్నాడు, బడాయిలు చెప్పాడు. తలెత్తి చూడలేదు.

"తాజ్‌బీకి ఏం జెప్తవ్?" అంది తిమ్మమ్మ.

"జెప్త."

"ఏం జెప్తవ్?"

కురుమయ్య జేబులో గుడ్డమూటను తడిమి చూసుకున్నాడు.

మరునాడు పొద్దున కురుమయ్య తోట గేటు తోసేసరికే తాజ్‌బీ పందిరి కింద నిలబడి ఉంది. తెగిన తీగ కొస చేతిలో పట్టుకుని ఉంది. రాఘవేందర్ సారు, గీత మేడం ఆమె పక్కనున్నారు. కురుమయ్య జేబులో గుడ్డమూట బరువు తూకం రాయంత అనిపించింది.

"కోతులే తాజ్‌బీ" అంటున్నాడు సారు. "మొన్న నా జామ చెట్టు కూడా దులిపినయ్."

"అవును ఆంటీ, కోతులే" అంది గీత మేడం. "మా బాల్కనీల ఉల్లిగడ్డలు గూడ ఎత్కపోయినయ్."

కురుమయ్యకు ప్రాణం లేచొచ్చింది. బీచుపల్లి ఆంజనేయుడే నింద తన వాళ్ళ మీద వేసుకుని తనను కాపాడుతున్నాడనిపించింది. చెప్పాలని వచ్చిన మాట వెనక్కి తగ్గింది. దాని బదులు వేరే మాట బయటికొచ్చింది.

"అవ్, కోతులే. నేను జూసిన. ఒక కొండముచ్చు సార్, మనిషంత ఉన్నది. కాయను చంకల వెట్టుకొని, గోడ మీద కూసొని, నన్ను జూసి తల ఊపింది. నేను కట్టె తీస్తే, అది గూడ కట్టె తీసింది!"

సారు నవ్వాడు. గీత మేడం నవ్వింది. కురుమయ్యకు ఊపు వచ్చింది. కొండముచ్చుకు ఇంకో రెండు చేతులు తగిలించబోతున్నాడు.

తాజ్‌బీ నవ్వలేదు. తీగ కొస మీద బొటనవేలు రాస్తోంది. కొడవలి కోత నున్నగా ఉంటుంది.

"మరి గుడ్డ ఏదన్నా?" అంది మెల్లగా. "కోతి కాయ తెంపుతది. ముడి గూడ ఇప్పుతదా?"

కురుమయ్య అందరి మొహాలూ చూశాడు. సారు కిందకి చూస్తున్నాడు. గీత మేడం టమాటా మొక్కల వైపు తిరిగింది. వాళ్ళకు అర్థమైంది. అర్థం కానట్టు ఉండడానికి పాపం కష్టపడుతున్నారు. అదే ఆయనకు అన్నిటికన్నా కష్టంగా తోచింది.

జేబులో చెయ్యి పెట్టి పచ్చగుడ్డ మూట తీశాడు.

"కోతిని నేనే చెల్లె" అన్నాడు.

అంతా చెప్పాడు. వియ్యంకుడు తిన్న పులుసు, మార్కెట్లో ఎండిన తొడిమలు, మనసులో పెట్టిన పంచాయితీ, దిగని గోరు, తెగని కాయ. ఏదీ పెంచలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఏదీ పెంచకుండా చెప్పిన మాటలు అవే కావచ్చు. చివరికి ఆవు సంగతి వచ్చింది.

"ఆవు నోట్లకెంచి గుంజినవా?" అంది తాజ్‌బీ.

"గుంజిన. అది నన్ను నాకింది గూడ."

తాజ్‌బీ మొహం మీద చున్నీ కొస పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని కురుమయ్య భయపడ్డాడు. ఏడుపు కాదు, నవ్వు. ఆమె నవ్వితే సారు నవ్వాడు, గీత మేడం నవ్వింది. "పోనీ అన్నా, ఇత్తనం దొరికింది గదా. మా అమ్మీ ఉంటె నిన్నే పందిరి మీద ఎక్కించి గుడ్డ గడ్తుండె" అంది తాజ్‌బీ. కురుమయ్య మనసు తేలికపడింది. వచ్చే యేడు పందిరికి ఇద్దరూ కలిసి విత్తనం పెడదామనుకున్నారు.

కథ ఇక్కడ ఆపితే ఎంత బాగుంటుంది! ఆపేవాణ్ణే, మొదట్లో కాసిన పందెం గుర్తుకు రాకపోతే.

మీసం సంగతి ముందు తేల్చేస్తాను. గొరిగించడానికి నాకు మీసమే లేదు. మా ఇంటావిడకు నచ్చదని పెళ్ళినాడే తీసేశాను. కాబట్టి ఆ పందెం నిశ్చింతగా కాశాను. గద్వాల, నాగర్‌కర్నూలు వాళ్ళు ఎదురుచూడకండి.

ఆవు మాత్రం నిజం. అందరూ ఆవునే అనుమానిస్తారని నాకు తెలుసు. అది లాగింది, ఆయన లాగాడు, అది నాకింది. బీచుపల్లి పోతే ఇప్పటికీ చెప్తారు. కొండముచ్చు నాది కాదు, అది కురుమయ్యది.

నేను కల్పించింది ఒక్కటే, తాజ్‌బీ నవ్వు.

ఆమె నవ్వలేదు. మూట విప్పి గింజలు అరచేతిలో పోసుకుని, ఎండకు పట్టి చూసింది. నలిగినవి కింద రాల్చింది. బాగున్నవి చున్నీ కొసన ముడేసుకుంది. ఖాళీ గుడ్డను దులిపి, మడిచి, కురుమయ్య చేతిలో పెట్టింది. "తిమ్మక్క జాకెట్టు గుడ్డ అన్నా. అక్కకు ఇయ్యి" అని, వెళ్ళి పైపు తీసుకుని తన మడికి నీళ్ళు పెట్టుకుంది. ఆ పొద్దు కూడా వంతు కురుమయ్యదే. ఆయన ఆ మాట అనలేదు. ఆ గింజలు తరువాత మొలిచాయి కూడా. కొత్త పందిరిని మాత్రం ఆమె తన మడికి అవతలి గట్టున వేసుకుంది.

చేతిలో ఆ గుడ్డతో ఆయన అట్లా నిలబడి ఉంటే చూడలేక, నేనే ఆమెను ఒక్కసారి నవ్వించాను.